నీళ్ల లీడరు (తొమ్మిదో భాగం): అత్తమ్మ నింపిన సీసా

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నా బిడ్డ పూర్ణిమ నాలాగే బడికి దూరమైపోతుందని. జ్వరాలకు నేను భయపడను, వాటికి గోలీలుంటాయి. కానీ నీళ్ల పని నెత్తికెక్కిన ఆడపిల్లకు పుస్తకం మళ్లీ చేతికి రావడం నేనెక్కడా చూడలేదు. నాకైతే రాలేదు.

పోయిన వారం చదివినవాళ్లకు కథ గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్తాను. నా పేరు ప్రవళిక. నేనూ నా భర్త బాలరాజూ మాణికేశ్వర్ నగర్‌లో ఒక గదిలో ఉంటాం. ఆయన తార్నాక చౌరస్తాలో ఆటో నడుపుతాడు. నేను యూనివర్సిటీలో ఒక డిపార్టుమెంటు ఊడ్చి తుడుస్తాను. పదేళ్ల పూర్ణిమ నల్లగొండ దిక్కున మా ఊరు సీతన్నగట్టులో, మా అత్తమ్మ బుచ్చవ్వ దగ్గర ఉండి ఐదో తరగతి చదువుతోంది. అత్తమ్మ ఆ బళ్లోనే పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. బడి బోరు నీళ్లు పోస్తే పప్పు ఉడకదు, అన్నం పచ్చబడుతుంది. ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు గీతలు పడతాయి. అందుకని పెద్ద రోడ్డు అవతలున్న వాటర్ ప్లాంటు నుంచి సైకిలు మీద క్యాన్లు తేవాలి. తెచ్చేవాళ్లకు బళ్లో ఒక పదవి కూడా ఉంది, నీళ్ల లీడరు అని. ఈ ఏడాది నా బిడ్డే ఆ లీడరు. ఇంటర్వెల్‌లో ఒక్క ట్రిప్పే కదా అని నేనూ ఊరుకున్నాను.

మా డిపార్టుమెంటులో ఎవాంజెలిన్ మేడం, నీళ్లు బాగాలేని ఊళ్లలో పిల్లల చదువు ఎలా ఉందో పన్నెండు బళ్లు తీసుకుని లెక్క తేలుస్తున్నారు. అందులో మా ఊరి బడి ఒకటి. అక్కడి బోరు నీళ్లు సీసాలో పట్టి తెమ్మని నాకే అప్పగించారు. ఆ సీసా పరీక్ష అయి కాగితం వచ్చింది. మేడం నన్ను గదిలోకి పిలిచి, "మీ బళ్లో నీళ్లు బంగారంలా ఉన్నాయట ప్రవళికా" అన్నారు. పోయిన వారం అక్కడే ఆపాను.

"ఇదిగో, చూడు" అని మేడం కాగితం నా వైపు తిప్పారు. "ఫ్లోరైడు ఒకటిన్నర దాటితే తాగకూడని నీళ్లు. చుట్టుపక్కల బళ్లన్నీ మూడూ నాలుగూ. మీది మాత్రం సున్నా పాయింట్ నాలుగు. దేవుడి దయ కాకపోతే ఏంటమ్మా ఇది?"

నేను నవ్వలేదు. నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. మా అమ్మగారి ఊరు సీతన్నగట్టుకు పక్కనే. ఆ రెండు ఊళ్ల నీళ్ల సంగతి నా పళ్లే చెప్తాయి.

"మరి మిషన్ మేడం? నీళ్లు శుద్ధి చేసేది బళ్లో పెడతరన్నరు కదా."

"ట్రస్టు వాళ్లు ఇచ్చేది ఎనిమిది మిషన్లేనమ్మా. అవసరం ఎక్కువున్న ఎనిమిది బళ్లకి. ఇవాళ నాలుగింటికి తార్నాకలో మీటింగు, జాబితా ఖాయం చేసేస్తారు. మీ బడి అందులో లేదు. లేకపోవడం మంచిదేగా?"

"మంచిదే మేడం" అన్నాను. చీపురు తీసుకుని బయటికి వచ్చాను.

వరండాలో చల్లనీళ్ల మిషన్ ఉంది. పిల్లలు సగం గ్లాసు తాగి సగం కింద పారబోస్తారు. ఆ తడి తుడవడం రోజూ నా పనే. ఆ తడి మీదే నిలబడి ఆలోచించాను.

ఆ సీసా వెంట ఒక చీటీ ఉంది. 'ఈ నీళ్లు నేను స్వయంగా బోరు దగ్గర నింపాను' అని అచ్చు వేసి, కింద సంతకానికి గీత. మేడం వేలిముద్ర వేస్తావా అని అడగలేదు. పెన్ను ఇచ్చారు. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని కదా, ఆ పెన్ను చూసి పొంగిపోయి ఇంటిపేరుతో సహా రాశాను. కానీ ఊరికి పోయింది నేను కాదు. మా సూపర్‌వైజర్ బిక్షపతి సెలవియ్యలేదు. చుట్టాల పెళ్లికి పోతున్న నా భర్త చేతికే సీసాలు ఇచ్చి పంపాను. రెండు సీసాలు, ఒకటి పగిలితే ఇంకోటి ఉంటుందని మేడం ఇచ్చినవి. ఆయన వాటిని అత్తమ్మకు ఇచ్చాడు. ఆమె ఒకటి నింపి ఇస్తే ఆయన తెచ్చాడు. నేను సంతకం పెట్టాను.

ఫోన్ తీసి అత్తమ్మకు చేశాను. ఆ పక్క గిన్నెల చప్పుడు, పొయ్యి ఊదే గొట్టం చప్పుడు.

"అత్తమ్మా, ఆనాడు సీసల ఏ నీళ్లు పోసినవ్?"

"ఏ సీస బిడ్డా?"

"తెల్ల సీస. నీ కొడుకు తెచ్చిచ్చిండు కదా."

"ఆఁ, గదా! మంచినీళ్లే పోసిన. నువ్వు రంది పడకు."

"మంచినీళ్లంటే?"

"ప్లాంటు నీళ్లు. కొత్త క్యాను మూత తీసి, తొలి నీళ్లు ఇంకెవ్వరికియ్యకుండ దాంట్లనే పోసిన. సీసను ఈతపీచు పెట్టి మూడుసార్లు తోమిన. మెరిసింది పో."

"బోరు నీళ్లు పొయ్యాలె అత్తమ్మా! బడి బోరు నీళ్లు!"

"ఏం మాటలే అవి? పెద్ద మేడం అడిగిందంటివి. పగోడు గడపెక్కినా మనం బోరు నీళ్లియ్యం. నువ్వు పనిజేసే కాడికి పంపుతనా? ఆమె ముంగట నీ ఇజ్జత్ ఏం గావాలె?"

"తాగనీకి కాదు అత్తమ్మా. పరీక్ష చేయనీకి."

"మల్ల పరీక్షంటున్నవ్. పాస్ కావాలెనా వద్దా?"

"పాసైంది అత్తమ్మా. గదే మన కొంప ముంచింది."

ఆమెకు అర్థం కాలేదు. మిషన్ సంగతి చెప్పాను. తర్వాత మెల్లగా, "నీ బిడ్డ కష్టం గూడ గిట్లనే పాయె గదనే. ఆనాడు దానికి లెక్కల పరీక్షుండె. నడిమిట్ల ఇడిసిపెట్టి పోయి తెచ్చింది ఆ క్యాను" అంది.

"పరీక్ష నడిమిట్లనా? ఇంటర్వెల్‌ల తెస్తదంటివి కదా!"

"ఇంటర్వెల్ యాడ సాలుతది బిడ్డా, అరవై మందికి వండాలె. ప్రార్థనయి పేరు పిలవంగనే పోతది. పదకొండు కొట్టినంక క్లాసుకు పోతది. నీకు జెప్తే ఏడుస్తవని జెప్పలే."

"సార్ ఏమనడా?"

"సారే పొమ్మంటడు. ఒక్కడాయె, ఐదు క్లాసులాయె. వంటకు నీళ్లు లేకుంటే పిల్లలు పస్తుంటరు. ఆయన మాత్రం ఏం జేస్తడు?"

ఫోన్ పెట్టేశాను. జూన్ నుంచి ఇప్పటిదాకా, రోజూ పొద్దున రెండు పీరియడ్లు. మొదటిది తెలుగు, రెండోది లెక్కలు. ఆ టైం టేబుల్ పూర్ణిమ నాకు ఫోన్లో పాటలా అప్పజెప్పేది. అందులో తాను ఉండదని మాత్రం చెప్పలేదు.

మా అమ్మ కూడా ఇట్లాగే మొదలుపెట్టింది. ఒక్క బిందే కదా, ఒక్క బిందే కదా అని. అమ్మ మోకాళ్లు వంగడం మానేశాక అవి నాలుగు బిందెలయ్యాయి. ఎనిమిదో తరగతిలో నాకు కొత్తగా కొన్న జామెట్రీ బాక్సు ఉండేది. కోణాలు గీయడం ఇంకా నేర్పలేదు, బడి అయిపోయింది. ఆ డబ్బాలో మా అమ్మ ఇప్పుడు సూదులు పెట్టుకుంటుంది.

నోరు మూసుకుంటే నా పని ఉంటుంది. నోరు తెరిస్తే దొంగ సంతకం పెట్టినదాన్ని బిక్షపతి సాయంత్రానికల్లా గేటు బయట నిలబెడతాడు. ఈ లెక్క నేను వేసుకోలేదంటే అబద్ధం. వేసుకున్నాను. వేసుకుని, చీపురు అక్కడే వదిలి లోపలికి వెళ్లాను.

మేడం మీటింగుకు ఫైళ్లు సర్దుతున్నారు.

"మేడం, ఆ నీళ్లు బోరువి కావు."

"ఏంటి?"

మొత్తం చెప్పాను. పెళ్లి, అత్తమ్మ, ఈతపీచు, కొత్త క్యాను. నేను ఆగాక మేడం కుర్చీలో కూర్చున్నారు. చీటీ తీసి నా ముందు పెట్టారు.

"ఈ సంతకం నీదేగా?"

"నాదే మేడం."

"స్వయంగా నింపానని రాసుంది. నీకు చదవడం వచ్చుగా?"

"వచ్చు మేడం."

"చదివే పెట్టావా?"

"చదివే పెట్టిన."

"నీకు చదువు రాకపోయుంటే తప్పు నాదయ్యేది" అన్నారు మేడం. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "పన్నెండు సీసాల్లో ఒకటి అబద్ధమైతే, మిగతా పదకొండూ ఎవరు నింపారని అడుగుతారు. నేనేం చెప్పను? రెండేళ్ల పని ప్రవళికా. రిపోర్టు మెయిల్ కూడా పంపేశాను."

"తప్పయింది మేడం. నన్ను తీసేయిండ్రి. మా బడి పేరు మాత్రం లిస్టుల రాయిండ్రి. నా బిడ్డ పొద్దటి క్లాసులన్నీ నీళ్లకే పోతున్నది."

మేడం ఒక కాగితాల కట్ట తీసి, పేజీలు తిప్పి, ఒక గీత దగ్గర వేలు పెట్టారు. "పోవడమేంటి? ఇది మీ బడి హాజరు. పూర్ణిమ, ఐదో తరగతి. నూటికి తొంభై ఏడు. నా రిపోర్టులో పెద్ద మాటే అది. నీళ్లు చెడ్డవైనా పిల్లల హాజరు తగ్గలేదని. పన్నెండు బళ్ల రిజిస్టర్లూ చూసి రాశాను."

"అది పేరు పలికి పోతది మేడం. క్లాసుల ఉండదు."

"రిజిస్టర్లో ఉంటే ఉన్నట్టే. మా నాన్నగారు బాపట్ల దగ్గర మిషనరీ స్కూల్లో ముప్పై ఏళ్లు హెడ్మాస్టరు. పిల్ల లేచి నిలబడి పలికితేనే గీత గీసేవారు. నేను పుట్టినరోజు నాడు రానంటే నాకూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. రిజిస్టరు అబద్ధం చెప్పదు."

"చెప్పదు మేడం. పేరు పిలిచిన నిమిషం సంగతే చెప్తది. ఆ తర్వాతి సంగతి దానికి తెల్వదు."

ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనిపించింది. "ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు" అన్నారు మేడం.

ఫోన్ పూర్ణిమే ఎత్తింది. అప్పుడు పదిన్నర. "అమ్మా, జల్ది చెప్పు. ఇంకో ట్రిప్పు పోవాలె."

మేడం ముందుకు వంగారు. "పూర్ణిమా, నేను అమ్మ వాళ్ల మేడాన్నమ్మా. వంటగదిలో ఇంకో తెల్ల సీసా ఉండాలి. ఉందా?"

"ఉన్నది మేడం. నాయినమ్మ అటుక మీద పెట్టింది. ఎవ్వరినీ ముట్టనిస్తలేదు."

"దాని మీద కాగితం అంటించి ఉంది చూడు. తెలుగే. చదువు చూద్దాం."

స్టూలు ఈడ్చిన చప్పుడు. నేను నా చేతిగాజులు పట్టుకుని నిలబడ్డాను.

"బో... రు... ను."

"ఊఁ. తర్వాత?"

"ఐ... దు. ని... ని..." ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. "పెద్ద పెద్ద మాటలున్నయ్ మేడం."

"పరవాలేదు. ఇంకో లైను చూడు."

"నాకు క్యాన్ల మీదియి వస్తయ్ మేడం" అంది నా బిడ్డ, నన్ను గండం నుంచి దాటించాలన్నట్టు హడావుడిగా. "ఇరవై లీటర్లు. మూత మీద తారీకు. అవన్నీ సదువుత."

మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. వేలు ఇంకా ఆ తొంభై ఏడు మీదే ఉంది. తొలగించడం మర్చిపోయినట్టున్నారు.

"వద్దులేమ్మా, నేనే చెప్తాను. విను" అని, మెల్లగా ఒక్కొక్కటీ చెప్పారు. "ఇప్పుడు నువ్వు చెప్పు."

పూర్ణిమ ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పేసింది. "బోరు ఐదు నిమిషాలు ఇడిసిపెట్టాలె. సబ్బు వద్దు, పీచు వద్దు. ఆ నీళ్లతోనే మూడుసార్లు కడగాలె. గాలి లేకుండ నిండ పొయ్యాలె. మూత బిగియ్యాలె. ఎవ్వరూ తాగొద్దు."

"ఒక్క మాట పోలేదు" అన్నారు మేడం, నాతో కాదు, తనతోనే. ఈ పిల్లకా చదువు రానిది?

తర్వాత అంతా తొందరే. పన్నెండింటికి మా ఊరి స్టేజి మీదుగా హైదరాబాద్ బస్సు ఉంది. సీసా కండక్టరుకు అప్పజెప్తే రెండున్నరకు ఎల్‌బీ నగర్. అక్కడ నా భర్త అందుకుని ఆటోలో తార్నాకకు తెస్తాడు. మేడం దగ్గర చిన్న పెట్టెలో పట్టే ఫ్లోరైడు మీటరు ఉంది. అందరి ముందే నీళ్లలో పెడితే పది నిమిషాల్లో నిజం తేలుతుంది.

"స్టేజికి సీసా ఎవరు తీసుకెళ్తారు? మీ అత్తగారు వెళ్తారా?"

అత్తమ్మ వెనక నుంచే అరిచింది. "నేనెట్ల పోత తల్లీ? పొయ్యి మీద అన్నమున్నది, మోకాళ్లు పనిజెయ్యవు."

"నేను పోత మేడం" అంది పూర్ణిమ. "స్టేజి ప్లాంటు పక్కనే. రోజూ పోయేదే కదా."

మేడం నా వైపు చూశారు. "రోడ్డు దాటాలా?"

దాటాలి. నాకు ఆ రోడ్డు తెలుసు. కంకర క్వారీ టిప్పర్లు హారన్ కొట్టకుండా వచ్చే రోడ్డు. ఇంకెవరినైనా పంపమని ఒక్క మాట అంటే అయిపోయేది. సార్‌ను బతిమాలమని అంటే అయిపోయేది. నా మనసంతా గడియారం మీదే ఉంది.

"పో బిడ్డా" అన్నాను. "పైలం. రెండు దిక్కులా చూసి దాటు."

"లీడర్‌ను కదనే అమ్మా!" అని నవ్వి పెట్టేసింది.

మధ్యాహ్నం రెండింటికి మేడం నన్ను తన కారులో ఎక్కించుకున్నారు. "సంతకం నీది. చెప్పాల్సింది నువ్వే. నేను పక్కన ఉంటాను" అన్నారు. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. తార్నాకలో మెట్రో పిల్లర్ పక్కన ట్రస్టు ఆఫీసు ఉంది, మూడో అంతస్తు. కిందనే నిలబడి ఆటో కోసం చూశాం. వచ్చే ప్రతి ఆటో నా భర్తదే అనిపించింది. చదువుకునే పిల్లలు కిలకిలమంటూ సంచులు వేసుకుని మెట్రో మెట్లు దిగుతున్నారు. వాళ్లలో ఒక్కరి చేతిలోనైనా క్యాను లేదు.

మూడింటికి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"బస్సొచ్చింది" అన్నాడు నా భర్త. "సీస లేదు."

"కండక్టర్‌నడుగు."

"అడగకుంటనే చెప్తున్ననా? సీతన్నగట్టు కాడ ఎవ్వరూ చెయ్యెత్తలేదంటుండు. అందుకే బస్సు ఆపలేదట. అది పోయిందా లేదా అసలు?"

"పోయే ఉంటది."

"ఉంటదేందే? కనుక్కోలేదా నువ్వు?"

అత్తమ్మకు చేశాను. రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి ఎత్తింది. ఆ గొంతు వినగానే నాకు తెలిసిపోయింది.

"పన్నెండు గాకముందే సైకిల్ మీద పోయింది బిడ్డా. సీసను స్కూల్ బ్యాగుల పెట్టుకున్నది. పిల్లలకు అన్నం పెట్టుకుంట నేను సూస్కోలే. బంతి లేసినంక సూస్తే దాని పళ్లెం అట్లనే ఉన్నది."

"మూడు కావస్తున్నది అత్తమ్మా!"

"సార్‌కు జెప్పిన. బండేసుకొని రోడ్డు దిక్కు పోయిండు. ఇంకా రాలే. ఫోనెత్తుతలేడు. నాకు కాళ్లాడుతలేవు ప్రవళికా..." ఆమె నన్ను ఎప్పుడూ బిడ్డా అనే పిలుస్తుంది. పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

నేను మెట్రో పిల్లర్‌కు చేయి ఆనించాను. ఎండకు కాలిన సిమెంటు అరచేతికి చురుక్కుమంది. ఇవాళ కూడా హాజరు పట్టీలో నా బిడ్డ ఉంది, ప్రార్థనలో పేరు పలికింది కాబట్టి. బళ్లో మాత్రం లేదు. ఇన్ని రోజులూ దాన్ని నీళ్ల కోసం బయటికి పంపింది బడి. ఇవాళ పంపింది నేను.

నా భర్తకు చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఆటో గీడనే పెట్టి బస్సెక్కుతున్న" అని మాత్రం అన్నాడు. ఆయన అక్కడికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. నేను ఇప్పుడు బయల్దేరినా ఆయన వెనకే.

"నువ్వు వెళ్లమ్మా" అన్నారు మేడం. "పైన నేను చెప్తాలే."

"సీస లేదు. నేను లేకుంటే మీ మాట నమ్ముతరా మేడం?"

మేడం అబద్ధం చెప్పలేరు. నమ్మరన్నట్టు తల ఊపారు. పైన వాళ్ల చేతిలో నా సంతకం ఉన్న చీటీ ఉంది. అచ్చేసిన కాగితం ఉంది. సున్నా పాయింట్ నాలుగు. నేను ఎదురుగా నిలబడి అది అబద్ధమని చెప్పకపోతే ఆ కాగితమే నిజమవుతుంది. రేపు పొద్దున ప్రార్థన అయ్యాక మళ్లీ ఆ సైకిలు రోడ్డెక్కుతుంది. నా బిడ్డ కాకపోతే ఇంకొకరి బిడ్డ.

పైనుంచి ఎవరో తొంగిచూసి, "మేడం, అందరూ వచ్చేశారు. తొందరగా మొదలుపెడదామంటున్నారు" అని పిలిచారు.

నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. ఫోన్ చేతిలోనే ఉంది. మోగడం లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నల్లగొండ దిక్కున ఆ రోడ్డు మీద మీలో ఎవరైనా ఉంటే, సీతన్నగట్టు స్టేజి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నీలం సైకిలు. వెనక క్యాను కట్టే ఎర్ర ట్యూబు వేలాడుతుంటుంది. రెండు జడలు, ఎడమ చెప్పుకు పిన్నీసు. బ్యాగులో తెల్ల సీసా ఉంటుంది. ఎంత దాహం వేసినా ఆ నీళ్లు తాగొద్దని చెప్పండి. పూర్ణిమా అని పేరు పెట్టి పిలవండి. అది పలుకుతుంది, పలకడం దానికి బాగా వచ్చు. పలికింది కదా అని మీరు వెళ్లిపోవద్దు. దగ్గరికి పోయి, ఎలా ఉందో కళ్లారా చూడండి.